ఉప్పు కడిగిన నీళ్లు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రాప్తాడు దగ్గరి మా ఊళ్లో ట్యాంకరు వస్తేనే తాగడానికి నీళ్లు. అంత కరువులోనూ మా అమ్మ కల్లుప్పును కడగనిదే కూరలో వేసేది కాదు. వద్దంటే "మన్ను తింటావా?" అని కసిరేది.

ఒకరోజు నర్సమ్మ ఇంటింటికీ తిరిగి ఉప్పు పరీక్ష చేస్తూ మా ఇంటికి వచ్చింది. సంచిలోని ఉప్పు మీద మందుచుక్క వేస్తే గబుక్కున ఊదారంగుకు తిరిగింది. అమ్మ కడిగి ఆరబెట్టిన ఉప్పు మాత్రం తెల్లగానే ఉండిపోయింది.

"గొంతువాపు రాకూడదని ఉప్పులో అయోడిన్ కలిపితే, నువ్వు కడిగి పారబోస్తాండావు కదమ్మా!" అంది నర్సమ్మ.

పారబోయడమనే మాటకు అమ్మకు రోషం వచ్చింది. "మా ఇంట్లో నీళ్లు పారబోసేదెవరు? ఎనుముకు కుడితిలో పోస్తాండా."

నర్సమ్మ నవ్వింది. "అయితే కొంచెం పాలల్లో తిరిగి వస్తాదిలే."

చేతిలోని టీ గ్లాసుతో నేను అట్లే నిలబడిపోయాను. ఉప్పులోంచి నీళ్లలోకి, నీళ్లతో ఎనుము కడుపులోకి, అక్కడి నుంచి పాలల్లోకి, పాలతో నా గ్లాసులోకి! కంటికి కనబడనిది మా గొంతులు వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చిందా? ఆ టీ చివరి చుక్క దాకా తాగాను.

మర్నాటి నుంచి అమ్మ ఉప్పు కడగడం మానేసింది. కానీ కుడితి తొట్టిలో గుప్పెడు ఉప్పు వేస్తుంటే ఎందుకని అడిగాను.

"ఏమప్పా, దానికి మాత్రం గొంతు లేదా?" అంది.