అగ్గి లేని పొయ్యి మీద ఫిర్యాదు

2012లో నేను కోరుట్ల సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. మాది కోనరావుపేట దగ్గరి పల్లె. రిటైరయ్యాక సిరిసిల్లలో స్థిరపడ్డాను. నేను కోరుట్లలో చేరేనాటికి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. పొద్దున రాస్తారోకో, మధ్యాహ్నం ర్యాలీ, రోడ్డు పక్క టెంట్లో రోజుకొక సంఘం కూర్చునే రిలే దీక్ష. నేనూ ఈ గడ్డ మీద పుట్టినవాణ్నే అయినా, ఒంటి మీద ఖాకీ ఉంటే సగం మందికి మేం పరాయివాళ్లమే. బందోబస్తుకే మనుషులు చాలని ఆ రోజుల్లో, సోషల్ మీడియాలో పెట్టిన ఒక ఫోటో మీద ఫిర్యాదు నా బల్ల మీదికి వచ్చింది.

మామూలు ఫిర్యాదులను సబ్ ఇన్‌స్పెక్టరే చూసుకుంటాడు. ఐటీ చట్టం కింద వచ్చే కేసును మాత్రం ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. అందుకని మా ఎస్సై ఆ దరఖాస్తును నాకు పంపించేసి, హాయిగా ర్యాలీ బందోబస్తుకు వెళ్లిపోయాడు.

ఫిర్యాదు చేసినవాడు గంగరాజం. ఎరువుల దుకాణం ఆయనది, పట్టణంలో ఉద్యమ సంఘానికి కన్వీనర్. విషయం వంటావార్పు గురించి. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకొని, అక్కడే తిని రాకపోకలు ఆపే నిరసన అది. ఫోటోలో గంగరాజం పెద్ద డేగిసలో గరిటె పెట్టి కెమెరా వైపు చూస్తున్నాడు. డేగిస కింద కట్టెలున్నాయి గానీ ఎవరూ వాటిని అంటించలేదు. అదే నిరసనకు వచ్చిన సుజాత అనే ప్రైవేటు బడి లెక్కల టీచర్ ఆ ఫోటో పెట్టి, కింద ఇలా రాసింది: "పొయ్యిల అగ్గి లేదు, అన్న మొఖం మీద మాత్రం చెమట. కెమెరా పోయినంక గరిటె మా ఆడోళ్ల చేతికొచ్చింది. రాష్ట్రం వచ్చినంక గూడ గిట్లనేనా?"

చదివి నాకు నవ్వొచ్చింది. దాచుకున్నాను. స్టేషన్ గేటు దగ్గర నినాదాలు వినిపిస్తున్నాయి, ఆమెను వెంటనే అరెస్టు చేయాలని. చేయాలనుకుంటే దారీ ఉంది. ఐటీ చట్టంలో అప్పట్లో 66ఏ అనే సెక్షన్ ఉండేది. ఎదుటివారిని నొప్పించే సందేశం పంపితే మూడేళ్ల వరకు జైలు. నొప్పించడమంటే ఏమిటో చట్టం చెప్పలేదు. వారెంటు లేకుండానే పట్టుకోవచ్చు.

గంగరాజం నా ఎదుట కూర్చొని, "ఇది నా ఒక్కని పరువు కాదు సార్, ఉద్యమం పరువు" అన్నాడు.

బస్టాండు ముందు సర్కారును తిట్టినందుకు ఆయన మీదే కోర్టులో కేసు నడుస్తోంది. ఆ మాట గుర్తు చేశాను. తాను ప్రజల కోసం మాట్లాడానన్నాడు. మరి ఆమె ఎవరి కోసం రాసిందని అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. "గదీ గిదీ ఒక్కటేనా సార్?" అని లేచి వెళ్లిపోయాడు. జగిత్యాలలో ఉండే డీఎస్పీ గారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. చట్టం ఏం చెబితే అది చేయమన్నారు.

ఆడవాళ్లను విచారణ కోసం స్టేషన్‌కు పిలిపించకూడదు, మనమే వాళ్ల ఇంటికి వెళ్లాలి. మహిళా కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకొని వెళ్లాను. సుజాత మామగారు వాకిట్లోనే రెండు చేతులూ జోడించి, "అన్నీ తీసేస్తది సార్, టెంటు కాడికి వచ్చి మాఫీ అడుగుతది" అన్నాడు. సుజాత లోపలినుంచి వచ్చి నిలబడింది. ఇరవై ఆరేడేళ్లుంటాయి. భర్త మస్కట్‌లో పని చేస్తాడు. తీసేస్తానని ఆమె అనలేదు. తన ఫోన్ నా ముందు పెట్టింది.

నేను చూస్తుండగానే అది మోగింది. ఆమె ఎత్తలేదు. ఆమె పెట్టిన ఫోటో కింద ఎవరో ఒక బూతు వాక్యం రాసి, పక్కన ఆమె ఫోన్ నంబరు పెట్టారట. అప్పటినుంచి ఊళ్లోనుంచీ, గల్ఫ్‌నుంచీ ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్ చేసి చెప్పరాని మాటలంటున్నారు. గొడవ తేలేదాకా బడికి రావద్దని యాజమాన్యం చెప్పేసింది.

"ఫోన్ బంద్ పెడ్దామంటే, మస్కట్‌కెళ్లి మా ఆయన చేసే ఫోన్ గూడ రాదు సార్. స్టేషన్‌కొద్దామంటే నన్నే లోపలేస్తరని భయమైంది. నేను రాసింది నేను తియ్య. తప్పైతే కేసు పెట్టుండ్రి. ఆళ్లు రాసింది మాత్రం తీపియ్యుండ్రి."

ఆ మాట నన్ను గట్టిగా పట్టుకుంది. అందరం ఆమె రాసిన దాని గురించే కొట్లాడుతున్నాం, ఆమె మీద రాసిన దాని సంగతి ఒక్కరమూ అడగలేదు. అక్కడే ఆమె చేత ఫిర్యాదు రాయించుకున్నాను.

మర్నాడు గంగరాజం వాంగ్మూలం కోసం వచ్చాడు. గేటు దగ్గరి జనం ఈసారి గుమ్మం దాకా వచ్చారు. వాంగ్మూలం రాసుకున్నాక, చదివి వినిపించగా సరేనని ఒప్పుకున్నట్టు చివర ఒక వాక్యం రాస్తాం. మామూలుగా మా రైటర్ కానిస్టేబుల్ పెళ్లి మంత్రాల్లా గొణిగేసి ముగిస్తాడు. గంగరాజం తన దరఖాస్తుకు బరువుంటుందని నెట్ సెంటర్‌లో తీయించిన కాగితాల దొంతర ఒకటి జతచేశాడు. ఆమె పోస్టు, దాని కింద జనం రాసినవి, అన్నీ. సుజాత ఇంటినుంచి వచ్చాక నేను దాన్నంతా చదివాను. సాక్ష్యంగా ఇచ్చినవారే పైకి చదివి సంతకం పెట్టాలని చెప్పి, ఆ దొంతరను ఆయన చేతికే ఇచ్చాను.

మొదటి కాగితం గుమ్మం దాకా వినబడేలా చదివాడు. రెండోదానికి గొంతు తగ్గింది. మూడో కాగితం సగంలో ఆగిపోయాడు. సుజాత నంబరు అక్కడే ఉంది. రాసినవాడు ఆయన మేనల్లుడు రమేశ్, మామ దుకాణంలో గల్లా దగ్గర కూర్చునేవాడు. సొంత పేరుతోనే రాశాడు. దాచుకోవాలని కూడా తోచలేదు.

"ఇది నేను సూడలే సార్. అన్నీ ప్రింటు తియ్యుమన్న, తీసిచ్చిండ్రు."

మిగతాది కూడా చదవమన్నాను.

"నోటితోని సదివేటిది కాదు సార్."

"మీరు చదవలేనిది ఆమె చెవిలో రోజూ పడుతోంది" అన్నాను.

ఆయన కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. తన దరఖాస్తు ఏమవుతుందని మెల్లగా అడిగాడు. అందరి ముందూ చేసిన పనిని ఒకరు వెక్కిరించారు, అందులో నేరం లేదు, ఆ మాట రాసి మూసేస్తానన్నాను. మేనల్లుడి మీద మాత్రం కేసవుతుందని చెప్పాను. పైనుంచి ఫోన్లు చేయించగల మనిషే. చేయిస్తాడనే అనుకున్నాను. ఆయన గుమ్మం దగ్గరికెళ్లి, "పొయ్యి అంటియ్యలే. నిజమే గదా? పోండ్రి ఇంటికి" అన్నాడు జనంతో.

మర్నాడు రమేశ్‌ను తానే వెంటబెట్టుకొని వచ్చాడు. రాజీ మాట ఎత్తలేదు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించినందుకు ఐపీసీ 509, అశ్లీలం రాసి నలుగురిలో పెట్టినందుకు ఐటీ చట్టం 67 కింద కేసు కట్టాను. ఆ రాతను సాక్ష్యంగా భద్రపరిచాకే తీసేయించాం. ఊళ్లోనుంచి ఫోన్లు చేసినవాళ్లను పిలిపించి, తల్లిదండ్రుల ముందే గడ్డి పెట్టాను. బడివాళ్లతో గంగరాజమే మాట్లాడాడు. కొన్నాళ్లకు ఛార్జిషీటు పని మీద సుజాతకు ఫోన్ చేస్తే, మోగగానే ఎత్తింది. ఆ పూట నాకు నిజంగా సంతోషమనిపించింది.

తర్వాతి వంటావార్పుకు బందోబస్తు నాదే. గంగరాజం పొయ్యి ముందు గొంతుక్కూర్చొని ఊదుతున్నాడు. పొగకు కళ్లు ఎర్రబడ్డాయి. సుజాత ఫోన్ పట్టుకొని ఎదురుగా నిలబడితే, "ముందుగాల మంట కనవడేటట్టు తియ్యి బిడ్డా" అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. కెమెరాలు వెళ్లిపోయాక కూడా గరిటె ఆయన చేతిలోనే ఉంది.

2015లో సుప్రీంకోర్టు 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. ఇలాంటి ఫిర్యాదులు వచ్చినప్పుడు కుర్ర ఎస్సైలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. జతచేసిన కాగితాలతో సహా అంతా చదవమని చెబుతాను. ఒకరి పనిని వెక్కిరిస్తే ఆ పని చేసినవారు జవాబు చెప్పుకోవాలి. ఒకరి నంబరు పదిమందికి పంచి బూతులు తిట్టిస్తే పోలీసు కేసు కట్టాలి. రెండూ ఒకే ఫోటో కింద ఉంటాయి కాబట్టి, ముందు ఎవరు గట్టిగా అరిచారో వారి ఫిర్యాదే కేసవుతుందని అనుకోకూడదు.