బుధవారం ఉత్తరానికి శూల

మా ప్రసూనక్క యాభై నాలుగేళ్ళ వయసులో మంచుమీద జారడం నేర్చుకుంటానంది. అన్నది కూడా ఎప్పుడు? ఆదివారం పూట మా ఇంట్లో అందరం కూర్చుని పెసరట్లు తింటున్నప్పుడు. నాకు పొలమారింది. మా బావగారు పూర్ణచంద్రరావుగారు మాత్రం అల్లం పచ్చడి మీంచి చూపు తిప్పకుండా, "జారడానికి అంత దూరం ఎందుకే, మన బాత్రూం లేదూ?" అన్నారు.

అక్క నవ్వలేదు. నవ్వలేదంటే విషయం ముదిరిందని మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

అక్క అసలు పేరు జ్ఞానప్రసూనాంబ. భవానీపురంలో హైస్కూలు టీచరు, సాంఘికం చెబుతుంది. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ బోర్డు మీద హిమాలయాలు గీయడం, గంట కొట్టగానే చెరపడం. ఆవిడ కళ్ళారా చూసిన మంచు ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టేదే. బెజవాడలో చలికాలమంటే ఏముంది గనక? మగవాళ్ళు మంకీ క్యాపులు పెట్టుకుని పాల ప్యాకెట్లకి వెళ్ళే నాలుగు వారాలు. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, ఫోనులో ఎవరో నెరిసిన జుట్టావిడ రెండు కర్రలు పట్టుకుని కొండమీంచి జర్రున జారిపోవడం చూసింది. చూసి ఊరుకోవచ్చుగా? స్టాఫ్ రూములో అందరికీ చూపించింది. అందరూ "అబ్బో" అని ఎవరి టిఫిన్ బాక్సు వాళ్ళు తెరుచుకున్నారు. అక్క మాత్రం అలాంటి విద్య నేర్పేవాళ్ళెక్కడున్నారా అని వెతికి, గుల్‌మార్గ్‌లో ఒక కోర్సు పట్టుకుంది.

ఆ కోర్సుకో నియమం ఉంది. యాభై అయిదు నిండితే చేర్చుకోరు. అక్కకి ఫిబ్రవరి ఆఖర్న నిండుతాయి. జనవరి బ్యాచ్‌లో సీటిచ్చారు. ఫలానా గురువారం సాయంత్రంలోగా వచ్చి హాజరు వేయించుకోకపోతే ఆ సీటు వేరేవాళ్ళకి పోతుందనీ చెప్పారు. అంటే ఈ చలికాలం వెళితే వెళ్ళినట్టు, లేకపోతే ఈ జన్మకి ఫోనులో చూసుకోవడమే.

దానికి కాళ్ళలో బలం కావాలిట. బలానికి ఏం చేయాలయ్యా అంటే, గోడకి వీపానించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవాలిట. నేను చెప్పక్కర్లేదు, అది మన గోడకుర్చీయే! హోంవర్కు చేయని పిల్లలందరి చేతా అక్క వేయించిన గోడకుర్చీ. ఇప్పుడు రోజూ పొద్దున్నే హాల్లో తనే వేసేది. మొదటి రోజు చూసి "ఏం తప్పు చేశావే?" అన్నాను. "మాట్లాడించకే, తొడలు వణుకుతున్నాయి" అంది. పాపం ఆ పిల్లలు ఎలా వేశారో అని ఆ వారమంతా బాధపడింది. బళ్ళో ఆ శిక్ష మానేసింది కూడా.

అక్క కాళ్ళ పని అక్క చూసుకుంది. టిక్కెట్ల పని బావగారు నెత్తిన వేసుకున్నారు. అక్కడే మా కొంప మునిగింది.

బావగారు ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. చాలా మంచి మనిషి. కానీ బేరమాడకుండా కరివేపాకు రెబ్బ కూడా కొనరు, పంచాంగం చూడకుండా క్షవరానికి కూడా వెళ్ళరు. ఈ రెండు గుణాలూ ఉన్న మనిషికి విమానం టిక్కెట్లు అప్పగించడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

గన్నవరం నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి శ్రీనగర్. అక్కకి తోడుగా నేను. పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఒక రేటు, భోంచేసి చెయ్యి కడుక్కునేలోగా ఇంకో రేటు. బావగారు మూడు రోజులు చూసి ఒక నిర్ణయానికి వచ్చారు.

"వాడికి మన ఫోను తెలిసిపోయింది రత్నం. మనకి అవసరం ఉందని పసిగట్టాడు. చూసినకొద్దీ పెంచుతున్నాడు. నీ ఫోనులో చూడు, ఊరికే చూస్తున్నట్టు చూడు."

ఊరికే చూస్తున్నట్టు చూడడం ఎలాగో నాకు తెలీదు. కాస్త నిర్లక్ష్యంగా మొహం పెట్టి చూశాను. నా ఫోనులోనూ పెరిగింది. తర్వాత ఎదురింటి శివపార్వతి ఫోను, ఆ తర్వాత అపార్టుమెంటు వాచ్‌మన్ ఫోను. అందరి ఫోన్లలోనూ పెరిగింది. లిఫ్టులో కలిసినవాళ్ళు కూడా "ఏమండీ, శ్రీనగర్ దిగిందా?" అని అడగడం మొదలెట్టారు.

ఒకరోజు దిగింది! నిజంగానే, నమ్మలేనంత దిగింది. బావగారు పేర్లన్నీ కొట్టారు, డబ్బు కట్టే మీట దాకా వచ్చారు, గోడమీది క్యాలెండరు చూసి ఆగిపోయారు.

"వర్జ్యం నడుస్తోందే. కాసేపాగితే పోతుంది. మంచి పని వర్జ్యంలో మొదలెడతామా?"

అక్క బళ్ళో ఉంది. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వినరే! వర్జ్యం పోయింది. దాంతోపాటే ఆ రేటూ పోయింది. సాయంత్రం ఈ సంగతి విని అక్క బావగారితో మాటలు మానేసింది. గోడకుర్చీ వేసి ఎదుటి గోడనే చూస్తూ కూర్చుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావగారూ, అక్క జీవితంలో మిమ్మల్ని నగ అడిగిందా, నట్ర అడిగిందా? ఈ ఒక్కటీ చెడగొట్టారంటే నేనూరుకోను" అనేశాను. ఆయన గదిలోకి వెళ్ళిపోయి, గంటసేపట్లో టిక్కెట్లు కొనుక్కుని బయటికొచ్చారు. చవగ్గా పడుతుందని రెండు విమానాలకీ రెండు వేర్వేరు కంపెనీల్లో కొన్నారు. సీటు ఎంచుకోవాలంటే విడిగా కట్టమన్నాడట. "కూర్చోడానికి వేరేగా డబ్బులా? మరి టిక్కెట్టు దేనికి, నిలబడ్డానికా?" అని కట్టలేదు. పెట్టెకి మాత్రం కట్టారు.

ఇంతా చేసి ప్రయాణం ఏ రోజు? బుధవారం.

"బుధవారం ఉత్తరానికి శూల" అని ఆయనే గుండెలు బాదుకున్నారు. "అందుకే చవగ్గా ఇచ్చాడు! ఎవడూ ఎక్కడని వాడికి తెలుసు!"

దీనికి విరుగుడు మా పెద్దవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, అంతకుముందు మంచి ఘడియ చూసి, పట్టుకెళ్ళే సామానేదో తీసుకెళ్ళి పొరుగింట్లో పెడతారు. పరస్థానం అంటారు. సామాను గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఒకసారి పెట్టాక ఆ సామాను మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. దారినే తీసుకుని వెళ్ళిపోవాలి. బావగారు సోమవారం మంచి ఘడియలో ఉన్నిబట్టలన్నీ ఉన్న పెట్టె ఎదురింట్లో పెట్టించారు.

మంగళవారం శివపార్వతి తలుపు కొట్టింది. "అన్నయ్యగారూ, మా ఆడపడుచుకి బాలేదట, మైలవరం వెళ్తున్నాను. ఈ పెట్టె తీసేసుకోండి" అంది.

"అమ్మమ్మా, లోపలికి తేకూడదమ్మా!" అని బావగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"మరి నేను రేపు పొద్దున్నే వచ్చేస్తానండీ. కారులో నాతోనే ఉంచి, నేరుగా గన్నవరం తీసుకురానా?"

బావగారి మొహం వెలిగిపోయింది. "మైలవరం ఉత్తరమే కదూ? ఇవాళా శూలే గానీ, సోమవారమే బయల్దేరిన పెట్టెకి అదంటదు. ఇంకా మంచిది! పెట్టె ముందుగా ఉత్తరానికి సాగిపోతుంది."

అక్క ఎక్కాల్సిన విమానానికి అక్క పెట్టె మైలవరం మీదుగా బయల్దేరింది. నేను ఏమనాలి? ఏమన్నా అంటే అపశకునం మాట అంటారు.

బుధవారం పొద్దున మేం గన్నవరంలో ఉన్నాం. పెట్టె కొండపల్లి దగ్గర లారీల వెనక ఉంది. "కదలట్లేదండీ, అసలు కదలట్లేదు" అని శివపార్వతి ఫోనులో ఏడుపు. కౌంటరులో అమ్మాయి, "మేడమ్, బ్యాగేజ్ క్లోజ్ చేసేస్తున్నాం" అంది. పెట్టె రాకపోతే కట్టిన డబ్బు ఇస్తారా అని బావగారు అడిగారు. ఇవ్వరట. "రాని పెట్టెకి అద్దెందుకమ్మా?" అని ఆ పిల్లతో వాదన పెట్టుకున్నారు.

అక్క ఆయన భుజం పట్టుకుని ఇటు తిప్పింది. "ఏవండీ, నేను పెట్టె లేకుండానే వెళ్తున్నాను."

"అక్కడ మంచే! గడ్డకట్టిపోతావు!"

"ఇక్కడుంటే ఉడికిపోతాను."

బావగారు తన స్వెట్టరు విప్పి ఇచ్చారు, మంకీ క్యాపు తీసి ఇచ్చారు. మేజోళ్ళు కూడా విప్పబోతుంటే నేనే ఆపాను.

సీట్లకి కట్టలేదు కాబట్టి అక్కని ముందు, నన్ను చిట్టచివర కూర్చోబెట్టారు. ఢిల్లీ పైకి వెళ్ళాక కింద పొగమంచు, దిగడం కుదరదన్నారు. విమానాన్ని జైపూర్‌లో దింపి, మమ్మల్ని అందులోనే కూర్చోబెట్టారు. ఎంతసేపని అడిగితే "షార్ట్‌లీ" అంటారు. మంచినీళ్ళడిగితే కార్డు గీకే మిషను తెచ్చారు. బెజవాడ బస్టాండులో బస్సు ఆలస్యమైతే కనీసం కిందికి దిగి డ్రైవర్ని తిట్టుకునే సౌకర్యమైనా ఉంటుంది.

ఢిల్లీ చేరేసరికి రెండో విమానం ఎప్పుడో ఎగిరిపోయింది. మొదటి కంపెనీవాడు "మీ రెండో టిక్కెట్టు మాది కాదు" అన్నాడు. రెండో కంపెనీవాడు "మీరు రాలేదు, మాకేం సంబంధం?" అన్నాడు. "రాలేదా? ఆకాశంలో మీ నెత్తిమీదే తిరిగాం కదయ్యా!" అని అరిచాను. తెలుగులోనే అరిచాను, కోపంలో ఇంకే భాష వస్తుంది? ఆ రాత్రికి అక్కడే పడి ఉన్నాం.

మర్నాడు గురువారం. సాయంత్రంలోగా అక్క గుల్‌మార్గ్‌లో ఉండాలి. వెళ్ళడానికి మిగిలింది ఒకే విమానం, అందులో ఖాళీ ఒకటే సీటు. దాని ధర చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. బావగారికి ఫోను చేశాను. ఆయన ధర విని బేరం మాటెత్తలేదు. నేను ఆశ్చర్యపోయేలోగా, "కొనండి, కానీ ఒక్క పావుగంట ఆగి కొనండి, వర్జ్యం..." అన్నారు.

అక్క ఫోను నా చేతిలోంచి లాక్కుంది.

"ఏవండీ, మీరు ఆగమన్నప్పుడల్లా ఆగాను. ఈ పావుగంట ఆగలేను. ఆగితే నాకింక ఆగడమే మిగులుతుంది" అని పెట్టేసింది. వర్జ్యంలోనే మీట నొక్కింది.

మంకీ క్యాపు పెట్టుకుని, ఎప్పుడూ గుంటూరు కూడా ఒక్కతీ వెళ్ళని మా అక్క, గేటు దాటి వెనక్కి తిరిగి చెయ్యూపింది. నాకు గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. వెళ్ళేదాకా నవ్వుతూ నిలబడి, వెళ్ళాక కూర్చుని ఏడ్చాను. తర్వాత రైలెక్కి, కిటికీ పక్క బెర్తులో కాళ్ళు చాపుకుని హాయిగా బెజవాడ వచ్చేశాను.

అక్క వేళకే చేరింది. బట్టలూ బూట్లూ అక్కడ అద్దెకిచ్చారట. రోజూ సాయంత్రం ఫోను చేసేది. ఇవాళ ఇన్నిసార్లు పడ్డాను, ఇవాళ ఒక కల్నలు గారి మీద పడ్డాను, ఇవాళ నా మీదే ఒక కుర్రాడు పడ్డాడు. ఇక్కడ బావగారు పంచాంగం పక్కన పెట్టి, గుల్‌మార్గ్‌లో చలెంతో చూసుకుంటూ కూర్చునేవారు. అన్నం సరిగ్గా తినేవారు కాదు.

కోర్సు ఆఖరి రోజు వీడియో పంపింది. ఇద్దరం ఒక్క ఫోనులో తలలు పెట్టి చూశాం. తెల్లటి వాలు మీద చిన్న ఎర్రచుక్క. మోకాళ్ళు వంచి, అచ్చం గోడ లేని గోడకుర్చీలో, మా అక్క! మెలికలు తిరుగుతూ వచ్చింది, వచ్చింది, మా మీదికే వచ్చేస్తున్నట్టు వచ్చి, కెమెరా పట్టుకున్నవాణ్ణి కూడా దాటిపోయింది. "అయ్యో అయ్యో అయ్యో" అని అక్క గొంతు, ఆ వెనకే పగలబడి నవ్వు. మా పెళ్ళిళ్ళు కాకముందు ఎప్పుడో విన్న నవ్వు అది.

వెంటనే ఫోను మోగింది.

"ఆగలేకపోయావేమే?" అన్నారు బావగారు కంగారుగా.

"ఆగడం బాగా వచ్చేది తర్వాతి కోర్సులోనటండీ. అది ఎల్లుండి మొదలు. నాకింకా యాభై అయిదు నిండలేదుగా, పేరిచ్చేశాను. సెలవు పెట్టాను. ఆదివారం తిరుగు టిక్కెట్టు ఏం చేస్తారో మీ ఇష్టం" అంది అక్క. అటువైపు ఎవరో పిలిచారు. "వస్తున్నా!" అని హిందీలో కేకేసి పెట్టేసింది.

ఆ తిరుగు టిక్కెట్టు రద్దు చేస్తే రూపాయి వెనక్కి రాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తారనుకుని నేను వంటింటి వైపు జరిగాను. బావగారు వీడియో మళ్ళీ మొదట్నుంచి పెట్టుకున్నారు.

"టిక్కెట్టు మాటేమిటి బావగారూ?" అన్నాను ఉండబట్టలేక.

"పోనీ అమ్మా" అన్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ముప్ఫై ఏళ్ళు ఆ బళ్ళో నిలబడే ఉంది. నాలుగు రోజులు జారనీ."