ఎక్స్‌రేకు అందని పగులు

నేను ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో ఉండగా మా నాయనమ్మ మిరప కళ్లంలో పడిపోయింది. మాచవరం దగ్గర మా ఊరు. కాయలు ఆరబోసిన పట్టా అంచు కాలికి చుట్టుకుని కుడిపక్కకు కూలబడిందట. పిడుగురాళ్ల తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించారు. ఎముక విరగలేదు, బెణికి ఉంటుంది, తగ్గకపోతే మళ్లీ రండి అన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నేను గుంటూరు నుంచి సెలవులకు వచ్చేసరికి ఆమె ఇంకా మంచంలోనే ఉంది. తన గేదెల దగ్గరికి ఇంకొకరిని రానివ్వని మనిషి, పక్కకు తిరగాలన్నా మా అమ్మ భుజం పట్టుకుంటోంది. వసారాలో నాన్న, పెదనాన్న ఆమె గురించే మాట్లాడుకుంటున్నారు.

"ఫిల్ములో ఏం లేదన్నారుగా. భయంతో లెగవట్లేదు. పట్టుకుని నాలుగడుగులు నడిపిస్తే అదే సర్దుకుంటది" అన్నాడు పెదనాన్న.

నాయనమ్మ లోపల్నుంచి విన్నది. "ఏందిరా, ఫొటోలో లేకపోతే నాకు నెప్పి లేనట్టేనా?" అని అరిచింది.

ఆ మాటకు నాకు మా రేడియాలజీ మేడమ్ గుర్తొచ్చారు. సెలవులకు ముందే ఆవిడ మాకు మొదటి క్లాసు చెప్పారు. అప్పటిదాకా మేము చూసినవి అనాటమీ హాల్లో శవాలే. బతికున్న మనిషి లోపల ఎలా చూస్తారో ఆ రోజు తెలిసింది. ఎక్స్‌రే అంటే నీడ అని మొదలుపెట్టారు. ఎముక కిరణాలను ఆపుతుంది గనక తెల్లగా పడుతుంది, ఊపిరితిత్తుల్లో ఉన్నది గాలి గనక అవి నల్లగా పడతాయి. సీటీ వాడేదీ ఆ కిరణాలనే, కాకపోతే చుట్టూ తిరుగుతూ తీసి, ఉల్లిపాయను చక్రాలుగా తరిగినట్టు ఒంటిని పొరలు పొరలుగా చూపిస్తుంది. అల్ట్రాసౌండులో కిరణాలే ఉండవు. మన చెవికి అందని శబ్దం లోపలికెళ్లి, తగిలి, తిరిగొస్తే ఆ ప్రతిధ్వనితో బొమ్మ కడుతుంది. కడుపులో బిడ్డను చూసేది దాంతోనే. ఎమ్మారైలో ఉండేది పెద్ద అయస్కాంతం. ఒంట్లో ఉన్న నీటిని కదిలించి, అది ఏం చెబుతుందో వింటుంది.

అంతా చెప్పి చివర్లో మేడమ్ అన్నారు: "ఏ మెషినూ అన్నీ చూడలేదు. ఏమీ లేదని రిపోర్టు వస్తే, ఆ మెషినుకు ఏమీ కనపడలేదని అర్థం. రోగికి ఏమీ లేదని కాదు."

నేను నాన్న పక్కన కూర్చుని ఈ సంగతే చెప్పాను. ఇంట్లో అందరికన్నా చిన్నదాన్ని, ఇంకా ఏ రోగినీ ముట్టుకోనిదాన్ని. అయినా అనేశాను. "నడిపించొద్దు నాన్నా. నరసరావుపేటలో ఎముకల డాక్టరుకు చూపిద్దాం." పెదనాన్న మొహం చిట్లించాడు గానీ, నాన్న లేచి వెళ్లి కారు మాట్లాడాడు.

అక్కడి డాక్టరు పాత ఫిల్ము చూసి పక్కనపెట్టి, నాయనమ్మ కాలు మెల్లగా లోపలికి తిప్పాడు. ఆమె కేకపెట్టింది. "ఈ వయసులో ఎముకలు గుల్లబారి ఉంటాయి. సన్నని పగులు ఎక్స్‌రేకు అందకపోవచ్చు. ఎమ్మారై తీద్దాం" అన్నాడు.

ఎమ్మారై గది బయట ఒంటి మీద లోహమేదీ ఉండకూడదన్నారు. నాయనమ్మ గాజులు, కమ్మలు, తలపిన్నులు తీసి, ఇంకేం లేవంది. నాకు అనుమానమొచ్చి బొడ్డు దగ్గర తడిమితే బీరువా తాళాల గుత్తి చేతికి తగిలింది.

"నాయనమ్మా, లోపలుండేది అయస్కాంతం. వీటిని లాగేసుకుంటది."

"నా తాళాలు దానికెందుకే?" అని గొణుక్కుంటూ గుత్తి తీసి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని పట్టుకోవడం అదే మొదటిసారి. ఏం చేయాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

నా ఒంటి మీదవీ తీయించి, నన్ను తోడు రానిచ్చారు. మెషిను దడదడలాడుతోంది. కాళ్లవైపు నుంచి లోపలికి పంపారు గనక ఆమె తల నా దగ్గరే ఉంది. శబ్దం మారినప్పుడల్లా కళ్లు గట్టిగా మూసుకునేది. నుదుటి మీద నా చెయ్యి అలాగే ఉంచాను. అంత చదువు చదవబోయే నేను ఆ గదిలో చేయగలిగింది అదొక్కటే.

తొడ ఎముక పైభాగంలో సన్నని పగులు కనపడింది. డాక్టరు కంప్యూటర్లో నాన్నకూ పెదనాన్నకూ చూపించాడు. "ఇంకా పక్కకు జరగలేదు. నడిపించి ఉంటే జరిగేదేమో" అన్నాడు.

పెదనాన్న బయటికొచ్చి స్ట్రెచర్ పక్కన నిలబడ్డాడు. దుప్పటి అంచు సర్దుతూ, "అమ్మా, నాకు తెలవలేదే" అన్నాడు.

"నీకెట్టా తెలుస్తదిరా, ఫొటోకే తెలవంది" అంది నాయనమ్మ.

ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించారు. మొదట వాకర్‌తో, తర్వాత కర్రతో నడిచింది. మరుసటి ఏడు కాయలు ఆరబోసే నాటికి కళ్లంలో కుర్చీ వేయించుకుని అందరి మీదా పెత్తనం చేసింది.

ఇప్పుడు నేను హౌస్ సర్జన్ని. ఫిల్ము చేతికిస్తే ముందు మంచం దగ్గరికెళ్లి, నెప్పి ఎక్కడో వేలితో చూపించమంటాను. ఫిల్ము ఆ తర్వాత చూస్తాను. సెలవు దొరికితే ఇంటికెళ్తాను. నాయనమ్మ బాగానే తిరుగుతోంది. చుట్టాలొస్తే మాత్రం కర్రను తలుపు వెనక దాచేస్తుంది.