పెద్ద లైసెన్సు దర్జా

మొన్న వాలేలేవు మార్కెట్లో దాలో దుంపలు ఏరుకుంటూ ఉండగా మా మనవరాలు, తనకు హామ్ రేడియో లైసెన్సు వచ్చిందనీ, మోర్సు పరీక్షే లేదనీ హిందీలో గలగలా చెప్పేసరికి, సంతోషించాల్సింది పోయి నాకెందుకో ఒళ్ళు మండింది. మోర్సు లేకుండా లైసెన్సేమిటి అని నోటిదాకా వచ్చిన మాటను మింగి గబగబా నడిచాను. అచ్చం మా బావగారిలా తయారయ్యానేమోనని భయం వేసింది.

మా ఈ దీవులకు స్వాతంత్ర్యం వచ్చాక లౌతోకాలో నేను బడిపంతులమ్మగా కుదురుకున్న రోజులవి. బావగారిది, అంటే మావారి అన్నగారిది, పెద్ద లైసెన్సు. టిక్కుటిక్కుమని మోర్సు కొట్టే పరీక్ష నెగ్గి దేశదేశాలతో మాట్లాడే హక్కు. నాది చిన్నది, దీవి దాటి పోనిది. రేడియో క్లబ్బులో మత్తునిచ్చే యాంగోనా వేరు పొడి నీళ్ళలో కలిపితే కొబ్బరి చిప్ప ముందు పెద్ద లైసెన్సుల వాళ్ళందరికీ తిరిగి, అడుగున మడ్డి తేలాక మా దగ్గరికి వచ్చేది. ఇక్కడి పల్లెల్లో ఊరిపెద్దకు ముందు అందించే ఆచారాన్ని వీళ్ళు ఇలా వాడుకున్నారన్నమాట! బావగారైతే మమ్మల్ని నోటితో నెట్టుకొచ్చేవాళ్ళు అనేవారు.

ద్రాసాలో చెరకు పొలాల మధ్య ఉండే మా నాయనమ్మకు ఒకే ఒక్క కోరిక. తన అమ్మానాన్నలు వదిలి వచ్చిన నేల నుంచి ఒక్క మనిషి తెలుగులో మాట్లాడగా చెవులారా వినాలని. ఆమెకు దగ్గు ముదురుతోంది, నాకేమో కాలు నిలిచేది కాదు. వంటింట్లో గరిటెతో, బడిలో సుద్దముక్కతో మోర్సు కొట్టుకుంటూ, ఒకసారి తప్పి, మళ్ళీ కూర్చుని, చివరికి నెగ్గాను. ఆ వారం చిప్ప ముందు నాకే ఇచ్చారు. గుటుక్కున తాగేసి లేచి వచ్చేశాను, ధ్యాసంతా ద్రాసా మీదే.

నాయనమ్మను తెచ్చి సెట్టు పక్కన కూర్చోబెట్టి, సాయంత్రాలు పిలిచి పిలిచి నా గొంతు పోయింది. ఒకనాడు బావగారు వచ్చి, మాట వెళ్ళని చోటికి మోర్సు వెళ్తుందమ్మాయ్, కొట్టి చూడు అన్నారు. ఆయన మాటే నిజమైంది, అదీ నా ఖర్మ! విశాఖపట్నం అతనొకడు మోర్సులో దొరికాడు. మేమూ తెలుగువాళ్ళమేనని చెప్పగానే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని, బాగున్నారా అమ్మా అంటున్నాడని చదివి వినిపించాను. నాయనమ్మ నా మొహంలోకి చూసి, ఇది నీ గొంతే కదే అంది.

నా ప్రాణం ఉసూరుమంది. అంతలోనే ఆమె సెట్టు మీదికి వంగి, అవతల చెవిటివాడున్నట్టు, "బాగున్నాం నాయనా, మీ ఊళ్ళో వానలు పడ్డాయా?" అని కేక పెట్టింది. ఆ మాటలే నేను మోర్సులో కొట్టాను. గురగుర తప్ప జవాబు లేదు. మర్నాడూ లేదు, ఆ తర్వాతా లేదు. ఆ ఏడే నాయనమ్మ పోయింది.

ఇప్పుడు నీది ఏ లైసెన్సని అడిగేవాళ్ళు లేరు, మంచిదే. మనవరాలు బొత్తాం నొక్కితే ఇండియా పలుకుతుంది. నాకు మాత్రం కూర్చున్నా కుదురుండదు, ఆ ప్రశ్న అతనికి చేరిందా లేదా అని. పోనీ మనవరాలి చేత మళ్ళీ అడిగిద్దామా అంటే, వానలు పడ్డాయా అంటే ఏమిటో ముందు దానికి హిందీలో చెప్పాలి.