ఈల వేయని కారు

మా తాత టర్బో బిగిస్తే కుట్టుమిషను కూడా రోడ్డెక్కి లారీలను దాటిపోతుంది. ఇందులో వీసమెత్తు అబద్ధం లేదు. నానమ్మ కుట్టుమిషనుకు తాళం వేసి పెట్టుకుంది కాబట్టి నిరూపించలేకపోతున్నాను, అంతే.

బస్సుల షెడ్డులో ముప్పైరెండేళ్లు ఇంజన్లు విప్పిన మనిషి ఇంటిపట్టున కూర్చోవడం కుదిరే పనా? రిటైరైన వారానికే కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. కుళాయిలు విప్పాడు, ఫ్యాన్లు విప్పాడు, మిక్సీ విప్పి చీవాట్లు తిన్నాడు. చివరికి పాత ఇనుము కొట్టు నుంచి ఓ బుల్లి కారును తాడు కట్టి ఈడ్చుకొచ్చాడు. దాని కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఈ ఇంజన్ పోతే ఇంకోటి దొరకదని, కారు మళ్లీ ఇనుము కొట్టుకే పోతుందని ఇంటిల్లిపాదికీ తనే చెప్పాడు.

రెండేళ్లు దాన్ని కోశాడు, అతికాడు. తనకు బస్సు డ్రైవరు సీటు, పొట్టిగా ఉండే నానమ్మకు రోడ్డు కనబడేలా ఎత్తు పెంచిన సీటు. ఆఖరున టర్బో పెట్టాడు. ఇంజన్ వదిలిన పొగతో తిరిగి, ఇంజన్‌కే ఇంకాస్త గాలి ఊదే చిన్న చక్రం అది. తన పొగ తనే తాగి రెచ్చిపోతుందన్నమాట, అచ్చం మీలాగే అంది నానమ్మ.

ఎంత గాలి ఊదాలో ఒక కడ్డీకున్న నట్టు తేలుస్తుంది. మీటరు ఉందిగానీ అది చూపులకే. షెడ్డు రోజుల నుంచీ తాత లెక్క చెవితోనే. రోడ్డు మీద సన్నగా ఈల వినబడేదాకా బిగించాలి. ఈసారి ఈల రాలేదు. అర చుట్టు బిగించి వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. రాలేదు. మళ్లీ అర చుట్టు. తింటున్నవాడు తింటున్నట్టే లేచి, చేయి కడగకుండానే ఇంకో అర చుట్టు. మీటరు ముల్లు ఎర్రగీత దాటితే, దానికి మతిపోయిందన్నాడు.

ఆరో రోజు నానమ్మను ఎక్కించుకుని వంతెన ఎక్కుతుంటే ఆవిడ డ్యాష్‌బోర్డు మీద చరిచింది.

“ఆపండి.”

“భయమా?”

“భయం కాదు. ఆ ఈలకి చెవులు చిల్లులు పడుతున్నాయి. దాని కింద డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఇంకో చప్పుడు.”

ఈల మాటకు తాత నవ్వబోయాడు. గులకరాళ్ల మాటకు కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. గాలి ఎక్కువై ఇంజన్ తన పిస్టన్లను తనే కొట్టుకునే చప్పుడు అది. షెడ్డులో ఎన్ని ఇంజన్లు అలా చచ్చాయో ఆయనకు తెలుసు. ఇంజన్ ఆపకుండానే దిగి బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు, పిడిని చెవికి ఆనించాడు. దూరంగా ఎక్కడో గుమ్మనడం తప్ప ఏమీ లేదు. చెవి మార్చాడు. అప్పుడూ అంతే. స్క్రూడ్రైవర్ నానమ్మ చేతికిచ్చాడు. ఆవిడ కొంగు సర్దుకుని, వరసగా నాలుగుచోట్ల ఆనించి విని, మూడోదాన్ని చూపించింది.

కారును ఇంటికి తోయించి విప్పితే మూడో పిస్టన్ అంచు ఎలుక కొరికినట్టుంది. పిస్టన్లు ఆడే ఇంజన్ దిమ్మ లోపల మాత్రం గీత కూడా పడలేదు. తాత వేలితో తడిమి చూసి, మళ్లీ తడిమి, నేల మీద చతికిలబడ్డాడు.

ఇంకో బండి పిస్టన్‌ను లేత్ మీద సైజుకు తిప్పించి వేశాక, ఇప్పుడు నానమ్మ స్టూలు మీద కూర్చుని వింటుంది, ఆయన నట్టు తిప్పుతాడు. ఆవిడ తల ఊపేదాకా ఒక్కచోట నిలబడలేక కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తాడు. అలా తిరుగుతుంటే పట్టుకుని, చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామా తాతా అని అడిగాను.

“ముందు నువ్వు నోరు మూసుకోవే. ఆవిడకి వినబడట్లేదు.”