చిన్నమ్మ మోకాళ్లు, కొండగోగు పూలు

మా చిన్నమ్మ మోకాళ్లు చూసి చంద్రపూర్ డాక్టరు ఒకటే మాట చెప్పాడు: మెట్లు ఎక్కొద్దు. ఆ రోజు ఆస్పత్రి ముందున్న నాలుగు మెట్లు ఎక్కడానికే ఆమె బరువంతా నా భుజం మీద వేసింది. చంద్రపూర్‌లోనే ఊర్జానగర్ కాలనీలో మా క్వార్టరు రెండో అంతస్తు కాబట్టి అక్కడ ఉండనంది. సెలవు పెట్టి, కొర్పనా దగ్గరున్న ఆమె ఊళ్లో దింపడానికి కారులో బయలుదేరాను.

మాణిక్‌గడ్ కొండల దగ్గరికి రాగానే ఆపమంది. వాంతి వస్తుందేమో అనుకుని ఆపాను. ఆమె దిగి, చెప్పులు చేత పట్టుకుని గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. పైన కొండగోగు పూసి ఉంటుందట. పెళ్లికి ముందు కట్టెలకు వచ్చినప్పుడల్లా చూసేదట. మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి చూడలేదట. డాక్టరు మాట గుర్తుచేస్తే, ఆయన మెట్లు వద్దన్నాడు గానీ గుట్ట వద్దనలేదని జవాబిచ్చింది.

బాట నిటారుగా ఉంది. ఎండిన టేకాకుల కింద రాళ్లు జారుతున్నాయి. మంచి బూట్లు వేసుకున్న నేను రెండుసార్లు చతికిలబడ్డాను. ఆమె చెట్టూ కొమ్మా పట్టుకుని పోతూనే ఉంది. మధ్యలో ఆగి మోదుగు పూలు చూడమని పిలిచింది. చూడనని మొండికేశాను.

పైకి చేరాక చూడక తప్పలేదు. ఒక్క ఆకూ లేని చెట్ల నిండా అరచేతులంత పసుపు పూలు. చిన్నమ్మ బండ మీద కూర్చుని వాటినే చూసింది. బాగానే ఉన్నాయి. ఆ మాట ఆమెతో అనలేదు.

దిగేటప్పుడు కుడి మోకాలు మొరాయించింది. ఇక ఆమె కూర్చునే జరుగుతూ వచ్చింది. నేను కింది వైపు నిలబడి, ఆమె పాదాలు నా చేతులకు ఆనించుకుని, వెనక్కి వెనక్కి దిగాను. అరగంటలో ఎక్కిన గుట్ట దిగడానికి రెండు గంటలు పట్టింది. సగం దారిలో ఉండబట్టలేక అడిగాను.

"గిట్ల అయితదని నీకు ఎరుక లేదా చిన్నమ్మా?"

"ఎరుకనే బిడ్డా. గందుకే నువ్వున్ననాడు ఎక్కిన. ఒక్కదాన్నే ఎక్కితె నన్ను ఎవరు దింపుతరు?"

కారు ఎక్కించి తలుపు గట్టిగా వేశాను. ఆమెకు అది పట్టనే లేదు. వెనక సీట్లో కాళ్లు చాపుకుని ఊరు వచ్చేదాకా గురక పెట్టింది.