‘ఐ యామ్ కమింగ్’ అన్న కమొడోర్ గారు

ఒక పెద్దమనిషి పరువు తీసిన పాపం నాది. ఏళ్ల తరబడి దాన్ని గొంతులో ముల్లులా పెట్టుకుని తిరుగుతున్నాను. విడ్డూరం ఏమిటంటే, ఆ రోజు నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆయన అన్న మాటనే, అక్షరం మార్చకుండా చెప్పాను. నా పేరు అడగకండి. ఆయన పేరు కూడా చెప్పను. వినండి చాలు.

అప్పట్లో మేం కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఉండేవాళ్లం. విమానాల భాగాలు బాగుచేసే చిన్న కంపెనీలో నేను టెక్నీషియన్ని. ఆయన మా ఇన్‌స్పెక్టర్. నైజీరియా వాయుసేనలో ఎయిర్ కమొడోర్‌గా రిటైరైన మనిషి. సైన్యంలో బ్రిగేడియర్ ఎంతో, అక్కడ ఎయిర్ కమొడోర్ అంత. భార్య పోయాక ఇక్కడున్న కూతురి దగ్గరికి వచ్చేశారు. వర్క్‌షాపులో అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు. నాకు నోరు వచ్చేది కాదు. ‘కమొడోర్ గారూ’ అనేదాన్ని. గారు అంటే ఏమిటని ఒకసారి అడిగి తెలుసుకుని, “ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద సెల్యూటా!” అని మురిసిపోయారు.

ఆయన పైలట్ కాదు. విమానాలను నేల మీద కాపాడే ఇంజనీరు. మీసాలు రాని వయసులో క్యాడెట్‌గా చేరారు. ఎండకు రేకు ముట్టుకుంటే చెయ్యి కాలే నైజీరియా ఉత్తరాది బేసుల్లో పనిచేసి, మెట్టు మెట్టూ ఎక్కి, చివరికి ఒక పెద్ద మరమ్మతు డిపోకి కమాండర్ అయ్యారు. విడిభాగాలు దొరకక మూలపడ్డ ఒక రవాణా విమానాన్ని ఆయన మనుషులు నెలల తరబడి శ్రమపడి లేపారట. అది మళ్లీ మొదటిసారి గాల్లోకి లేచినప్పుడు ఆయన కూడా అందులో కూర్చున్నారట. “ఎగరొచ్చని సంతకం పెట్టింది నేను. నేను ఎక్కకపోతే పైలట్ ఎందుకు నమ్మాలి?” అన్నారు నాతో. గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. అడిగితేనే చెప్పేవారు, అందులోనూ తాను పొరపాటు చేసిన కథలే ముందు.

అంతటి మనిషి ఈ దేశం వచ్చి, మనవల కన్నా కాస్త పెద్ద పిల్లల పక్కన కూర్చుని మళ్లీ పరీక్షలు రాశారు. ఇన్‌స్పెక్టర్‌గా సంతకం పెట్టే అధికారం తెచ్చుకున్నారు. ఇక్కడ ఆయనకు మిగిలిన ర్యాంకు ఆ సంతకమే. అది నాకు బాగా తెలుసు.

లంచ్ రూములో మేమిద్దరం ఒకే టేబుల్. ఒకసారి ఆయన కళ్లలో నీళ్లు చూద్దామని మా అమ్మ పంపిన ఆవకాయ పెట్టాను. చప్పరించి, “బాగుంది, కారం ఎప్పుడు వేస్తారు?” అన్నారు. గుంటూరు పరువు ఆ పూటతో గంగలో కలిసింది. ఎంత నవ్వుకున్నామో! అలాంటి మనిషికి నేను అలా ఎలా చేయగలిగాను?

జరిగింది ఇది. విమానం చక్రాలు దించే సిలిండర్‌ని నూనె ఒత్తిడి మీద పరీక్షిస్తాం. పరీక్ష నడిచినంతసేపూ ఎవరో ఒకరు దాని ముందు నిలబడి ఉండాలి. ఆ మధ్యాహ్నం నిలబడింది ఆయన. గేజ్ ముల్లు వణుకుతుంటే అనుమానం వచ్చి, ఒత్తిడి కాస్త తగ్గించి, ఇంకో గేజ్ తెచ్చి సరిచూద్దామనుకున్నారు. పక్క బెంచీ దగ్గరున్న నా వైపు చూసి, సిలిండర్‌ని చూపించి, “ఐ యామ్ కమింగ్” అన్నారు. నేను తల ఊపాను. ఆయన వెళ్లారు.

అప్పుడే ఫోన్ మోగింది. బ్రాంప్టన్‌లోని మా ఇమిగ్రేషన్ కన్సల్టెంట్. నా పీఆర్ ఫైలు గురించి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి గురించి. రెండు మాటలే కదా అని కారిడార్‌లోకి వెళ్లాను. రెండు మాటలు పది అయ్యాయి. నూనె చుక్కలు కారడం మొదలైనప్పుడే చూసి ఉంటే ఎర్ర బటన్ నొక్కి ఆపేదాన్ని. చూడలేదు. సీల్ పగిలి నూనె గోడ దాకా చిమ్మింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ సిలిండర్ పనికిరాకుండా పోయింది.

మేనేజర్ మా ఇద్దరినీ కూర్చోబెట్టాడు. “నీకు అప్పగించి వెళ్లాడా?” అని నన్నే సూటిగా అడిగాడు.

నా వర్క్ పర్మిట్, పీఆర్, అన్నీ ఆ ఉద్యోగం మీదే వేలాడుతున్నాయి.

“ఐ యామ్ కమింగ్ అన్నారు. వస్తున్నానన్నారు కదా, ఇక్కడే ఉంటారనుకున్నాను,” అన్నాను.

మేనేజర్ కనుబొమలు ముడిచి ఆయన వైపు తిరిగాడు. “వస్తున్నానని చెప్పి వెళ్లిపోయావా?”

నైజీరియాలో ‘ఇప్పుడే వెళ్లొస్తా’ అనడానికి అలాగే అంటారు. ఆ కెనడా మనిషికి అది తెలియదు. మరి నాకు? గుమ్మం దాటేటప్పుడు ‘వెళ్తాను’ అంటే మా అమ్మ నెత్తిన మొట్టేది. ‘వస్తాను’ అనాలే, వెళ్తాననకూడదు అనేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వెళ్తూ వెళ్తూ ‘వస్తా’ అంటున్న దాన్ని. ఆ వర్క్‌షాపు మొత్తంలో ఆయన మాట పూర్తిగా తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. తల ఊపిన సంగతి నేను చెప్పలేదు.

ఆయన కూడా చెప్పలేదు. నిటారుగా కూర్చుని, “ఆర్డర్ ఇచ్చింది నేను. అర్థం కాకపోతే తప్పు ఇచ్చినవాడిది,” అన్నారు. అంతే.

సంతకం పెట్టే అధికారం తీసేశారు. ప్యాకింగ్ సెక్షన్‌కి పంపారు.

ఆ సాయంత్రం పార్కింగ్‌లో నా కారు దగ్గరికి వచ్చారు. నిలదీస్తారనుకున్నాను. నిలదీసినా బాగుండేది. “నన్ను క్షమించాలి. నేను మా ఊళ్లో లేనన్న సంగతి మర్చిపోయాను. మీరు తల ఊపితే అర్థమైందనుకున్నాను. మర్యాదకి ఊపి ఉంటారు. నా మాట వల్ల మీరు ఇబ్బందిలో పడ్డారు,” అన్నారు. నాకు క్షమాపణ! నేను మళ్లీ తల ఊపాను. ఇంతకన్నా నీచం ఇంకేముంటుంది?

ఇంటికొచ్చి ఏడిస్తే మా ఆయన, “నువ్వేమన్నా అబద్ధం చెప్పావా? ఆయనన్నదే కదా చెప్పింది. పీఆర్ రానీ, అప్పుడు చూద్దాంలే,” అన్నారు. పీఆర్ వచ్చింది. సిటిజన్‌షిప్ కూడా వచ్చింది. ఆ ‘అప్పుడు’ మాత్రం రాలేదు.

ప్యాకింగ్‌లో కూడా ఆయన అదే మనిషి. మెరిసే బూట్లు, అదే నడక, ప్రతి పెట్టె మీదా అదే శ్రద్ధ. లంచ్ రూములో నా కుర్చీ ఖాళీగా ఉంచేవారు. నేను కారులో తినడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు కూతురికి కాల్గరీలో ఉద్యోగం వస్తే ఆమెతో వెళ్లిపోయారు.

ఆమె నంబరు నా దగ్గరుంది. ఫోన్ ఎందుకు చెయ్యను? చేస్తే ఆయన ఒక్క మాట కూడా అనకుండా క్షమించేస్తారు. నాకు భయం అదే. ఆయన గొప్పతనాన్ని రెండోసారి వాడుకున్నట్టవుతుంది. లేక ఇది కూడా నా పిరికితనానికి నేను తొడిగిన మంచి చొక్కానా? కావచ్చు.

మీకు చెప్పాను కాబట్టి కడిగేసుకున్నానని అనుకోవడం లేదు. కానీ ఇన్నేళ్లలో ఈ వాక్యం ఎక్కడా, ఎవరి ముందూ పలకలేదు. ఇప్పుడు పలుకుతుంటే గుండెలో ఏదో కొంచెం సడలుతోంది. కమొడోర్ గారూ, మీ ఇంగ్లీషులో ఏ లోపమూ లేదు. నేను తల ఊపింది మర్యాదకి కాదు. మీ మాట నాకు అర్థమైంది.